సమస్య: ఎండు కుంచె తోడ నేఱు పాఱె

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. కుంచెను రంగులో ముంచి, గుడ్డకు తుడిచేసి, పొడిపొడిగా లాగితే వెంట్రుకల చారలు పడతాయి కదా, ఆ గరుకు రాత మీద, దాంతో చేసే తెలుగు ఫాంట్ల మీద మిగతా మూడు పాదాలు పూరించి, మీ కలంపేరుతో పెట్టండి. ‘ఎ’కి ‘నే’కి యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొంతన) ఎలా అంటారేమో, తోడన్ + ఏఱు, ద్రుతం, అంటే ‘తోడన్’ చివరి ‘న్’, లెక్కలోకి రాదు, అది అచ్చుల యతే. పాదాల మధ్య విసంధిని, అంటే అచ్చు పక్కన అచ్చు సంధి లేకుండా రావడాన్ని, ఈసారికి వదిలేద్దాం.

గోడరాత:
గోడ మీద రాసె గోదారి యనుపేరు
చారలందు గోడ చాయ తేలె
అలలు కదలినట్టు లక్షరం బుప్పొంగ
ఎండు కుంచె తోడ నేఱు పాఱె

మా నాన్న సైన్‌బోర్డులు రాసేవారు, ‘ద’కి దీర్ఘం లాగేటప్పుడు చివర్లో రంగు అయిపోయి తోక విడిపోయేది, దాన్ని మళ్ళీ దిద్దనిచ్చేవారు కాదు.

తలకట్టు: రెండో పాదం దగ్గర ఆగిపోయాను. రంగు పడని చోటే అందం ఉంది. అందుకే ఇలాంటి ఫాంటును ఫొటో మీద పెట్టొద్దంటాను, సందుల్లోంచి ఫొటో తొంగిచూస్తే అక్షరం చెదిరిపోతుంది, వెనక ఒకే రంగు ఉండాలి.

సున్నాపొల్లు:
ఇంకు తుడిచి గీసె నింపుగా నొక గీత
స్కాను చేసి గరుకు సడలకుండ
ఫాంటు చేయ నందు పరవళ్ళు త్రొక్కుచు
ఎండు కుంచె తోడ నేఱు పాఱె

తలకట్టు: యతులు సరే, ఫ రాతలో పవర్గమే కాబట్టి పేచీ లేదు. కానీ స్కాను చేసినంత మాత్రాన పారదండీ. ‘అమ్మమ్మ’ అని టైపు చేయండి, రెండు ‘మ్మ’లకీ అదే చోట అదే చార వస్తుంది, రబ్బరు స్టాంపు కొట్టినట్టు. ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతిలో మార్చి మార్చి వచ్చేలా పెడితేనే చెయ్యి కనిపిస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే లక్కిరెడ్డి అనే తెలుగు ఫాంటులో చేతిరాత వరస ఉంది, కుంచె చారలు లేవు, ఆ లోటు ఎవరైనా తీర్చాలి.

కొత్తసభ్యుడు:
పెళ్లి కార్డు మీద పొడికుంచె రాతలు
చిన్న సైజు లోన చిక్కిపోవు
ఫ్లెక్సి కెక్కెనేని పెల్లుగా నుఱుకుచు
ఎండు కుంచె తోడ నేఱు పాఱె

తలకట్టు: భావం నూటికి నూరు పాళ్ళు నిజం. సైజు తగ్గితే ముందు ఒత్తులు పూడిపోతాయి, ప్రింటులో ఇంకు కొంచెం పరుచుకున్నా సన్న చారలు మూసుకుపోతాయి, అందుకే కార్డులో పేర్లకు మాత్రమే వాడి ముహూర్తం, చిరునామా మామూలు ఫాంటులో వేయాలి. యతే తప్పింది, ‘పె’కి ‘పొ’ కుదరదు.

కొత్తసభ్యుడు: ‘పెళ్లి కార్డు మీద పెళుసైన రాతలు’ అంటే?

గోడరాత: కుదిరింది. పొడికుంచె గీతకు పెళుసు సరిగ్గా సరిపోయే మాట, నాన్న కూడా అదే అనేవారు.