గెలల లోడుకు ఏ ట్రాక్టరు? 42 హెచ్‌పి చాలా, 50 దాటాలా?

దమ్మపేట_రైతు

అందరికీ నమస్కారం. మాది దమ్మపేట మండలం. పామాయిల్ తోట ఉంది. మా గెలలతోపాటు బావ వాళ్లవీ, చుట్టుపక్కల రైతులవీ అప్పారావుపేట ఫ్యాక్టరీకి నేనే తోలుతుంటాను. ఇప్పుడున్నది పాత 35 హెచ్‌పి బండి, దాని వెనక తగిలించే రెండు చక్రాల ట్రక్కు (ట్రైలరు). ఐదు టన్నుల దాకా వేస్తాం.

తారు రోడ్డెక్కితే ఏ ఇబ్బందీ లేదు. తోటలోంచి వచ్చేటప్పుడు వాగు దాటి ఒక ఎత్తు ఎక్కాలి. వానాకాలంలో అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, ముందు చక్రాలు జానెడు లేస్తాయి. గెలలు ఎక్కువగా వచ్చేదీ ఆ వానల్లోనే. కోసిన 24 గంటల్లోపు ఫ్యాక్టరీలో పడకపోతే నూనె నాణ్యత పోతుంది, ఆ టెన్షన్ వేరే.

మాసీ 241, స్వరాజ్ 744, జాన్ డీర్ 5310 చూశాను. షోరూములో ఎవర్ని కదిపినా హెచ్‌పి లెక్కే. "పెద్ద ఇంజనైతే ఏ ఎత్తయినా లాగుతుంది, 55 తీసుకో" అంటున్నారు మా నాన్న. జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి ఇప్పుడే కొందామని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

744_ఫ్యాన్

ఇంకేం ఆలోచించకు అన్నా, 744 తీసేసుకో. ఏ ఊళ్లో ఆగినా స్పేర్లు దొరుకుతాయి, ఏ మెకానిక్‌కైనా చేతనవుతుంది. మా మామయ్య వాళ్లది ఇసుక తోలీ తోలీ రంగు పోయింది గానీ ఇంజన్ ఇంకా విప్పలేదు.

పాతమెకానిక్_అశ్వారావుపేట

తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయంటే ఇంజన్‌లో ఇంకా బలం మిగిలి ఉన్నట్టే. బలం చాలకపోతే ఇంజన్ గుడగుడలాడి ఆగిపోవాలి. నీకు తక్కువైంది నేల మీద పట్టు. అదే బరువున్న బండికి 55 హెచ్‌పి ఇంజన్ పెడితే, అదే బురదలో చక్రాలు ఇంకాస్త జోరుగా తిరుగుతాయి, అంతే.

లెక్క చూడు. గెలలు 5 టన్నులు, ఖాళీ ట్రక్కు ఒకటిన్నర, బండి రెండు. మొత్తం ఎనిమిదిన్నర. పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు అనుకుంటే 850 కిలోల లాగుడు దానికే పోతుంది. మెత్తటి దారిలో చక్రాలు దిగబడి తినేది ఇంకో 300, 350. అంటే 1200 కిలోలు లాగాలి. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున లో గేరులో ఎక్కితే దీనికి చక్రం దగ్గర 22, 23 హెచ్‌పి చాలు. 42 హెచ్‌పి బండికి ఇంకా బోలెడు బలం మిగిలిపోతుంది.

ఇక పట్టు. టూ వీల్ డ్రైవ్ బండిలో వెనక ఇరుసు మీద 1300 కిలోలు, ట్రక్కు హుక్కు మీద పడేది ఇంకో 600 వేసుకో. 1900. పొడి తారు మీద అందులో డెబ్బై శాతం పట్టు దొరుకుతుంది, సరిపోతుంది. తడి మట్టిలో నలభై శాతం దొరికితే గొప్ప, అంటే 760. నీకు కావలసింది 1200. ఎక్కడ ఎక్కుతుంది?

అందుకని నా ఓటు 45 నుంచి 50 మధ్యలో ఫోర్ వీల్ డ్రైవ్‌కి. ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ వెళ్తుంది కాబట్టి బండి బరువంతా పట్టుకు పనికొస్తుంది. వెనక టైర్లలో నీళ్లు పట్టించు. వాల్వు పైకి తిప్పి, నీళ్లు వాల్వు దగ్గరికి వచ్చేదాకా నింపితే ముప్పాతిక టైరు నిండుతుంది. 13.6 సైజు టైరుకి సుమారు 190 కిలోలు కలుస్తాయి. ఇప్పుడున్న పాత బండికి కూడా ఇది రేపే చేయించుకోవచ్చు, ఖర్చు లేని పని.

ముందు లేవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. ట్రక్కు పిన్ను ఎక్కడ వేస్తున్నావు? వెనక ఇరుసు కన్నా కింద ఉండాలి. కొందరు సౌకర్యంగా ఉంటుందని పైన తగిలిస్తారు, అప్పుడు లోడు బండిని వెనక్కి మడిచేస్తుంది. మనుషులు పోయేది అలాగే. ముందు బంపరుకు బరువులు కూడా పెట్టించు.

ఎక్కడం గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, నాకు భయం దిగడం గురించి. మన ట్రక్కులు చాలావాటికి బ్రేకులే ఉండవు. ఆరున్నర టన్నులను రెండు టన్నుల బండి ఆపాలి. ఆయిల్ బ్రేకులు (నూనెలో మునిగి ఉండేవి) ఉన్న బండే తీసుకో, ట్రక్కుకీ బ్రేకు పెట్టించు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, క్లచ్ తొక్కకు. రోడ్డెక్కే ముందు ఒకసారి కిందికి చూడు: కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం పడి ఉందా? చేలో తిప్పుకోవడానికి తీసేసి మర్చిపోతారు. లోడుతో వెళ్తూ ఒక్క పెడల్ మీదే కాలు పడితే బండి అటు తిరిగిపోతుంది, వెనక ట్రక్కు వచ్చి మీద పడుతుంది.

కొవ్వూరు_చిన్నరైతు

మెకానిక్ గారి మాటకి నాదీ ఓటు. మాది నల్లరేగడి, ఫోర్ వీల్ వాడుతున్నాను. రెండు సంగతులు చెప్తాను. తారు రోడ్డు మీద ముందు చక్రాల డ్రైవ్‌ను లివరుతో ఆపేయాలి, లేకపోతే ముందు టైర్లు చూస్తుండగానే అరిగిపోతాయి. తర్వాత, తిరగడానికి చోటు ఎక్కువ కావాలి. పామాయిల్ మొక్కలు 9 మీటర్ల దూరంలో ఉంటాయి గానీ ఆకులు పరుచుకున్నాక దారి ఇరుకే. మీ తోటలో ఒకసారి తిప్పి చూసుకోండి.

50 దాటిన బండ్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చింది. సాధారణంగా కామన్ రైల్ ఇంజన్ (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో, ఎలక్ట్రానిక్ లెక్కన పంపేది), సెన్సర్లు ఉంటాయి. క్యాన్లలో నిలవ పెట్టిన మురికి డీజిల్ పోస్తే ఊరుకోవు. పల్లెలో మెకానిక్ చేతికి లొంగేది కావాలంటే 50 లోపే మంచిది.

దమ్మపేట_రైతు

చాలా థాంక్స్ అన్నా. పిన్ను పైనే వేస్తున్నాం, ఈ రోజే కిందికి దించాను. నాన్నకి లెక్క చదివి వినిపించాను. "మరి 55 ఎందుకు అమ్ముతున్నారు?" అన్నారు. ఇంకో సందేహం: బయటివాళ్ల గెలలు కిరాయికి తోలితే కాగితాల సంగతేంటి?

పాతమెకానిక్_అశ్వారావుపేట

నాన్నగారితో చెప్పు, 55 రోటవేటర్‌కీ, తారు మీద వేగంగా లాగడానికీ బాగా పనికొస్తుందని. ఆయన తప్పేం లేదు.

కాగితాలకు వస్తే, ట్రక్కుకి వేరే రిజిస్ట్రేషన్, వేరే ఇన్సూరెన్స్ ఉండాలి. బండికి చేయించాం కదా అని ఊరుకోకు. వ్యవసాయం కింద పాలసీ తీసుకుని కిరాయికి తోలుతుంటే, ఏదైనా జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. కొనేటప్పుడే కిరాయి సంగతి చెప్పి దానికి తగ్గ పాలసీ అడుగు.

డబ్బు కట్టే ముందు డెమో అడుగు. వాళ్ల గ్రౌండులో ఖాళీ బండి తిప్పితే ఏం తెలుస్తుంది? నీ ట్రక్కు తగిలించి, నాలుగు టన్నులు వేసి, వాగు దగ్గరికి రమ్మను. రామంటే పక్క షోరూముకి వెళ్లు.

దమ్మపేట_రైతు

ఇద్దర్ని అడిగాను. ఒకరు సోమవారం వస్తామన్నారు, ఇంకొకరు ఫోనే ఎత్తడం లేదు. వాన పడితే ఇంకా మంచిది.