స్థాయీ సంఘంలో ఉన్న ఎంపీ కంపెనీకి అదే శాఖ నుంచి ఆర్డర్లు వస్తుంటే ఏ నిబంధన కింద అడగాలి?

విశాల

పేర్లు వద్దు, పరిస్థితి చెబుతాను. ఒక లోక్‌సభ సభ్యుడు గెలిచే దాకా ఓ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి మేనేజింగ్ డైరెక్టర్. గెలిచాక ఆ కుర్చీ తమ్ముడికి ఇచ్చారు, 40 శాతం వాటా మాత్రం తన పేరునే ఉంచుకున్నారు. కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థలకు ఆ కంపెనీ పరికరాలు సరఫరా చేస్తుంది. ఆయన్ని ఇంధన శాఖ పనితీరును పరిశీలించే ఎంపీల కమిటీలో, అంటే స్థాయీ సంఘంలో వేశారు. ఇది అనర్హత కిందికి వస్తుందా? రాకపోతే సంఘం నుంచి తప్పించే దారి ఏదైనా ఉందా? ఎంపీ కాని మామూలు మనిషి ఫిర్యాదు చేస్తే అసలు తీసుకుంటారా? రేపు ఆయనే మంత్రి అయితే లెక్క మారుతుందా?

రమణమూర్తి

విశాల గారూ, అనర్హత సంగతి ముందు తేల్చేద్దాం. చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఓడిపోతారు.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 9ఏ సెక్షన్ ప్రకారం, సభ్యుడు తన వ్యాపారంలో భాగంగా ‘సంబంధిత ప్రభుత్వం’తో సరుకు సరఫరాకో, పనులు చేయడానికో కాంట్రాక్టు కుదుర్చుకుని, అది అమల్లో ఉన్నంతకాలం అనర్హుడు. చదవడానికి గట్టిగానే ఉంటుంది, కానీ మీరు చెప్పిన మనిషి అందులో పడడు. కాంట్రాక్టు కుదుర్చుకున్నది కంపెనీ, ఆయన కాదు. చట్టం దృష్టిలో కంపెనీ వేరే వ్యక్తి. అవతలి పక్క ఉన్నదీ ప్రభుత్వ రంగ సంస్థే, కేంద్ర ప్రభుత్వం కాదు. ఈ రెండింటిలో ఒక్కటి చాలు కేసు నిలబడకపోవడానికి.

ఇంకో సందు మన దగ్గర చాలామందికి తెలియదు. ‘సంబంధిత ప్రభుత్వం’ అంటే ఎంపీకి కేంద్రం, ఎమ్మెల్యేకి రాష్ట్రం. ఎంపీ సొంత పేరుతో రాష్ట్ర ప్రభుత్వ కాలువ పనులు చేస్తున్నా 9ఏ తగలదు. పైగా కాంట్రాక్టరు తన వంతు పని పూర్తి చేసేసి, ప్రభుత్వం బిల్లు చెల్లించడమే మిగిలి ఉంటే కాంట్రాక్టు అమల్లో లేనట్టేనని ఆ సెక్షన్ వివరణే చెబుతుంది. గనుల లీజు కూడా దీని కిందికి రాదని 2001లో కర్తార్ సింగ్ భడానా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

నిజంగా 9ఏ తగిలే సందర్భం దొరికితే తేదీ చూసుకోండి. ఎన్నికయ్యాక వచ్చిన అనర్హతైతే రాజ్యాంగం 103వ అధికరణం కింద రాష్ట్రపతికి రాయాలి. ఆయన ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని, దాని ప్రకారమే నిర్ణయిస్తారు. ఎన్నికకు ముందే ఉన్న అనర్హతైతే ఆ దారి మూసుకుపోతుంది. కాకినాడ నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికైన శాకా వెంకటరావు కేసులో సుప్రీంకోర్టు 1953లోనే ఈ మాట చెప్పింది (అక్కడ చర్చ ఎమ్మెల్యేలకు వర్తించే 192వ అధికరణం మీద, సూత్రం ఒకటే). అప్పుడు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ ఒక్కటే మార్గం. అదీ ఫలితం వచ్చిన 45 రోజుల్లోపే.

సుజాత

రమణమూర్తి గారు చెప్పినట్టు అనర్హత దారి ఇక్కడ లేదు. సంఘంలో సభ్యత్వాన్ని మాత్రం ప్రశ్నించవచ్చు. నన్నడిగితే అసలు పట్టు దొరికేది అక్కడే.

లోక్‌సభ నిబంధనల్లో 255 చూడండి. సంఘం పరిశీలించే విషయంలో సభ్యుడికి వ్యక్తిగత, ఆర్థిక లేదా ప్రత్యక్ష ప్రయోజనం ఉండి, అది పరిశీలనను దెబ్బతీసేంత దగ్గరిదైతే అభ్యంతరం చెప్పవచ్చు. అభ్యంతరం చెప్పే ఎంపీ ఆ ప్రయోజనం ఏమిటో కచ్చితంగా చెప్పాలి. ఎదుటి సభ్యుడి వాదన విని, అవసరమైతే పత్రాలు తెప్పించుకుని స్పీకర్ ఇచ్చే నిర్ణయమే తుది. ‘ఆయన వ్యాపారవేత్త’ అంటే ఎవరూ పట్టించుకోరు. ‘ఫలానా కంపెనీలో 40 శాతం వాటా, ఫలానా సంస్థ నుంచి ఫలానా తేదీ కొనుగోలు ఆర్డరు, అదే కొనుగోళ్ల విధానం ఈ ఏడాది సంఘం ఎజెండాలో ఉంది’ అంటే జవాబు చెప్పక తప్పదు.

సభలో ఓటు సంగతి వేరు. 371వ నిబంధన కింద ఓటును సవాలు చేయాలంటే డివిజన్ (ఓట్లు లెక్కించే ఓటింగ్) ముగిసిన వెంటనే, ఫలితం ప్రకటించేలోగా చేయాలి. ఆ కాసేపు దాటితే అంతే. ఆ ప్రయోజనం ఆ సభ్యుడికి విడిగా ఉన్నదై ఉండాలి. మొత్తం పరిశ్రమకో, ఒక వర్గానికో ఉమ్మడిగా ఉన్న ప్రయోజనం చెల్లదు. సుంకం తగ్గితే ఆ రంగంలోని కంపెనీలన్నీ లాభపడతాయి కదా, అలాంటి బిల్లు మీద ఈ నిబంధన పనిచేయదు.

రాజ్యసభలో ఇంకో మెట్టు ఉంది. 293వ నిబంధన కింద సభ్యుల ప్రయోజనాల రిజిస్టర్ నిర్వహిస్తారు. అందులో ఐదు పద్దులు: జీతం వచ్చే డైరెక్టరు పదవి, క్రమంగా ఆదాయమిచ్చే పని, నియంత్రణ స్థాయి వాటా, ఫీజు తీసుకునే సలహాదారు పని, వృత్తి. 294 ప్రకారం రిజిస్టర్‌లో రాసినా సరే, చర్చలో పాల్గొనే ముందు ఆ ప్రయోజనాన్ని మళ్లీ నోటితో చెప్పాలి. లోక్‌సభకు ఇలాంటి రిజిస్టర్ లేదు, ఇది పెద్ద లోటు. అలాగని రాజ్యసభ రిజిస్టర్ పక్కాగా ఉందనీ అనలేం. 40 శాతం వాటా నియంత్రణ స్థాయి కాదని వాదించి ఆ గడిలో ‘లేదు’ అని రాసేయవచ్చు.

ఇక మామూలు మనిషి ఫిర్యాదు. సభ్యుల ప్రవర్తన మీద ఫిర్యాదులు చూసే రాజ్యసభ ఎథిక్స్ కమిటీకి ఎవరైనా నేరుగా రాయవచ్చు: పేరు, ఆధారాలు, మర్యాద తప్పని భాష ఉండాలి. లోక్‌సభలో అయితే ఒక ఎంపీ ద్వారా, ఫిర్యాదు అబద్ధం కాదని అఫిడవిట్ జతచేసి పంపాలి. పత్రికా కథనం ఒక్కటే పెడితే రెండు చోట్లా పక్కన పడేస్తారు. ముఖ్యంగా, కోర్టులో ఉన్న విషయాన్ని కమిటీ ముట్టుకోదు. ఆవేశపడి ముందు హైకోర్టుకు వెళ్తే కమిటీ తలుపు మీ చేతులతోనే మూసుకున్నట్టు.

ఫణీంద్ర

కాగితాలు ఎక్కడ దొరుకుతాయో నేను చెబుతాను. ఫిర్యాదులు ఎక్కువగా వీగిపోయేది ఆధారాలు లేకే.

మొదట ఎన్నికల అఫిడవిట్, అంటే ఫారం 26. ఎన్నికల సంఘం సైట్లో ఉంటుంది. అందరూ ఆస్తుల పట్టిక చూసి ఆపేస్తారు. కింద ప్రభుత్వ కాంట్రాక్టుల వివరాలకు విడిగా గడులున్నాయి: అభ్యర్థి, జీవిత భాగస్వామి, ఆధారపడినవారు, వాళ్లు భాగస్వాములుగా ఉన్న సంస్థలు, వాటా ఉన్న ప్రైవేట్ కంపెనీలు. అక్కడ ‘వర్తించదు’ అని ఉండి, కంపెనీ ఆర్డర్లు బయట కనిపిస్తే మీ చేతికి గట్టి కాగితం దొరికినట్టే.

తర్వాత కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్. అక్కడ ఒక్కో కంపెనీకి 100 రూపాయల చొప్పున కడితే దాఖలు చేసిన పత్రాలు చూడవచ్చు. వాటాదారుల జాబితా ఎంజీటీ-7 ఫారంతో ఉంటుంది, డైరెక్టర్ల మార్పులు డీఐఆర్-12 ఫారంలో ఉంటాయి. తమ్ముడికి పదవి ఏ తేదీన మారిందో, అప్పటికే తమ్ముడు కంపెనీలో ఉన్నాడో లేదో రాసిపెట్టుకోండి. వాటా వేరే కంపెనీ పేరున ఉంటే బెన్-2 ఫారం వెతకండి, అసలు లబ్ధిదారు అందులో తేలతాడు.

ఆర్డర్ల కోసం సంబంధిత సంస్థకు 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. ‘ఇందులో స్వప్రయోజనం ఉందా?’ అని అడిగితే, అది అభిప్రాయం, సమాచారం కాదని తిప్పి పంపుతారు. ‘ఫలానా కంపెనీకి ఈ మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇచ్చిన కొనుగోలు ఆర్డర్ల నంబర్లు, తేదీలు, విలువ, టెండరు విధానం’ అని అడగండి. మామూలుగా గడువు 30 రోజులు. సమాచారం ఇవ్వడంపై అభిప్రాయం అడుగుతూ కంపెనీకి 11వ సెక్షన్ నోటీసు వెళ్తే 40 రోజులు. వాణిజ్య రహస్యమని 8(1)(డి) చూపిస్తే, టెండరు ముగిశాక ఖరారైన ధర రహస్యం కాదని, 8(2) కింద ప్రజాప్రయోజనం ఉందని మొదటి అప్పీలులో రాయండి. అప్పీలుకు 30 రోజులే గడువు.

విశాల

తమ్ముడు ముందు నుంచే డైరెక్టరు. ఇది మంత్రి విషయంలో తేడా తెస్తుందా?

రమణమూర్తి

తెస్తుంది, మంత్రికి అనుకూలంగానే. మంత్రుల ప్రవర్తనా నియమావళి ప్రకారం మామూలు వ్యాపారమైతే నిర్వహణ వదులుకుంటే చాలు, వాటా ఉంచుకోవచ్చు. ప్రభుత్వానికి సరఫరా చేసే కంపెనీ, లైసెన్సులు లీజుల మీద బతికే కంపెనీ అయితే వాటా కూడా వదులుకోవాలి. మామూలు వ్యాపార పద్ధతిలో ప్రామాణిక ధరకు చేసే సరఫరాకు మినహాయింపు ఉంది, మొదటి వాదన దాని మీదే వస్తుంది. ఆ వాటాను ఎవరికి ఇవ్వవచ్చన్న దగ్గర ఇంకో సందు: భార్యకో భర్తకో ఇవ్వకూడదు, కానీ ముందు నుంచే ఆ వ్యాపారంలో ఉన్న వయోజన బంధువుకు ఇవ్వవచ్చు. మీరు చెప్పిన తమ్ముడు సరిగ్గా అందులో ఇమిడిపోతాడు. పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ వాటాలైతే, ఇబ్బంది వస్తుందని ప్రధాని అనుకుంటే తప్ప వదులుకోనక్కర్లేదు.

ఏటా ఆగస్టు 31లోగా ఆస్తుల వివరాలు ప్రధానికి ఇవ్వాలి. ఇది చట్టం కాదు, నియమావళి. ఉల్లంఘించారని కోర్టుకు వెళ్లి అమలు చేయించలేం. కాబట్టి మంత్రి విషయంలో సభలో ప్రశ్న వేయించడమే మేలు. స్థాయీ సంఘాల్లో మంత్రులు ఉండరు గనుక సుజాత గారు చెప్పిన 255వ నిబంధన కూడా అక్కరకు రాదు. ఎంపీ చేత 15 రోజుల ముందు నోటీసుతో రాతపూర్వక జవాబు కోరే ప్రశ్న వేయించండి, అందులో మంత్రి పేరు కాదు, కంపెనీ పేరు, సంవత్సరాలు, ఆర్డర్ల విలువ ఉండాలి. జవాబులో ‘సమాచారం సేకరిస్తున్నాం’ అంటే అది హామీగా నమోదవుతుంది. సభలో ఇచ్చిన హామీలు అమలయ్యాయో లేదో చూసే హామీల కమిటీ లెక్కలో దానికి మూడు నెలల గడువు. గడువు దాటగానే అదే ఎంపీ ద్వారా ఆ కమిటీకి రాయించండి.