ఆర్‌వీ ఫ్రిజ్: పగలు 11 డిగ్రీలు, తెల్లారేసరికి 4. లోపం ఎక్కడ?

ప్రశ్న:
మా ఆర్‌వీలో, అంటే ఇల్లులా వాడుకునే బండిలో, గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ (వేడితో చల్లబరిచే రకం) ఉంది. ఫ్రీజర్‌లో ఐస్ బాగానే కడుతోంది. కింది అరల్లో మాత్రం మధ్యాహ్నానికి 11 డిగ్రీల సెల్సియస్, తెల్లవారుజామున 4. గ్యాస్ మీదైనా కరెంటు మీదైనా ఇదే వరస. బండి లెవెల్‌గానే ఉంది. కూలింగ్ యూనిట్ పోయినట్టేనా?

జవాబు 1:
పోలేదండీ. పోయుంటే రాత్రి 4కి దిగదు. రెండు మోడ్‌లలోనూ ఒకేలా ఉందంటే బర్నర్‌నీ హీటింగ్ ఎలిమెంట్‌నీ అనుమానించక్కర్లేదు. వెనకాల గాలి ఆడటం లేదు, అంతే.

ఇందులో కంప్రెసర్ ఉండదు కదా. బాయిలర్‌లో మరిగిన అమ్మోనియా ఆవిరి, వెనక పైభాగాన ఉన్న కండెన్సర్ రెక్కల్లో చల్లారి ద్రవం కావాలి. ఆ ద్రవం ముందు ఫ్రీజర్‌కి వెళ్తుంది, మిగిలిందే కింది అరలకు. ఎండవేళ రెక్కలు చల్లారకపోతే ద్రవం తగ్గుతుంది, దెబ్బ కింది అరలకే తగులుతుంది. మీ లక్షణాలు అచ్చం ఇవే.

ముందు పై వెంట్ మూత తీసి చూడండి, పిట్టగూళ్లు, ఆకులు ఇరుక్కుని ఉంటాయి. తర్వాత రెక్కలకీ వెనక గోడకీ మధ్య ఖాళీ కొలవండి. రెండు మూడు అంగుళాలుంటే గాలి గోడవారనే జారిపోతుంది, రెక్కలను తాకదు. పల్చటి అల్యూమినియం రేకు వంచి గోడకి బిగించి, ఆ ఖాళీని అంగుళం లోపుకి తెండి. అప్పటికీ చాలకపోతే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి, కండెన్సర్ కింద, పైకి ఊదేలా. బర్నర్ దగ్గర మాత్రం వద్దు, మంట ఆరుతుంది.

జవాబు 2:
రేకు పనికి ముందు తలుపు చూడండి. రబ్బరు గాస్కెట్‌లో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారివస్తే అక్కడ గాలి దూరుతోంది. నాలుగు అంచులా, ముఖ్యంగా మూలల్లో చూడాలి. లోపలి రెక్కల మీద మంచు మందంగా పేరుకుంటే ఆపి కరగనివ్వండి, కత్తితో గీకొద్దు. రెక్కకి క్లిప్పుతో ఉండే థర్మిస్టర్ (లోపలి చల్లదనాన్ని పసిగట్టే సెన్సర్) ఊడిపోయిందేమో కూడా చూడండి. ఆ క్లిప్పుని రెక్క మీద పైకి జరిపితే చల్లదనం పెరుగుతుంది.

జవాబు 3:
కొలిచే పద్ధతి కూడా చెప్పాలి. గాలిలో వేలాడే థర్మామీటర్ తలుపు తీసినప్పుడల్లా ఎగురుతుంది. గ్లాసుడు నీళ్లలో ముంచి మధ్య అరలో ఉంచండి. ఏ మార్పు చేసినా 24 గంటలు ఆగాకే లెక్క. ఈ ఫ్రిజ్‌లు నిదానం. వెనకాల పసుపు రంగు పొడి కనిపించినా, అమ్మోనియా ఘాటు వచ్చినా వెంటనే ఆపేయండి. అది లీకు, రిపేరు కాదు, యూనిట్ మార్చాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
ఫ్యాన్ రాత్రంతా తిరిగితే బ్యాటరీ దిగిపోదా?

జవాబు 1:
వేడికి కలిసే థర్మోస్విచ్ ఒకటి పై రెక్కకి బిగించి, ఫ్యాన్‌ని దాని గుండా ఇవ్వండి. రెక్క చల్లారగానే అదే ఆగుతుంది. లైనులో 1 ఆంపియర్ ఫ్యూజ్ మరవొద్దు.