అమ్మానాన్నల టికెట్లకి పాయింట్లు: ముందు రూట్, తర్వాతే ట్రాన్స్‌ఫర్

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్ అయ్యాక డాలస్‌లో ఉద్యోగంలో చేరాను. చేజ్ బ్యాంకు వాళ్ల సఫైర్ ప్రిఫర్డ్ క్రెడిట్ కార్డు బోనస్‌తో కలిపి 90 వేల పాయింట్లు ఉన్నాయి. అమ్మానాన్న విజయవాడ నుంచి మొదటిసారి ఏప్రిల్‌లో వస్తున్నారు, వీసా వచ్చింది. సెప్టెంబర్‌లో తిరుగు ప్రయాణం, తేదీ ఇంకా అనుకోలేదు. పాయింట్లతో గిఫ్ట్ కార్డులు కొనుక్కోమని ఒకరు, వెంటనే ఎయిర్‌లైన్‌కి పంపేయమని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:
తమ్ముడూ, రెండూ వద్దు. పాయింట్లు బ్యాంకులోనే ఉండనివ్వు. చేజ్ నుంచి యునైటెడ్‌కో, ఎయిర్ కెనడా వాళ్ల మైల్స్ పథకం ఏరోప్లాన్‌కో ఒకసారి పంపితే అవి ఆ ఎయిర్‌లైన్ మైల్స్‌గా మారిపోతాయి, మళ్లీ వెనక్కి రావు. నీకు కావాల్సిన రోజున, కావాల్సిన విమానంలో రెండు సీట్లు మైల్స్‌కి దొరుకుతున్నాయని కళ్లారా చూశాకే పంపు. ఈ రెండింటికీ సాధారణంగా నిమిషాల్లో చేరిపోతాయి కాబట్టి ముందుగా పంపి పెట్టుకోవాల్సిన పని లేదు.

లెక్క తేలికే. టికెట్ ధరలోంచి మైల్స్‌తో పాటు కట్టాల్సిన టాక్సులు తీసేసి, మిగిలినదాన్ని మైల్స్‌తో భాగించు. ఒక వన్‌వే 900 డాలర్లు ఉందనుకో. అదే సీటుకి 45 వేల మైల్స్, 60 డాలర్ల టాక్సు అడిగితే పాయింట్‌కి 1.87 సెంట్లు గిట్టినట్టు. అదే 45 వేలకి ఇంకో ఎయిర్‌లైన్ టాక్సు, సర్‌చార్జి (ఎయిర్‌లైన్ తను వేసుకునే అదనపు చార్జీ) కలిపి 400 డాలర్లు అడిగితే 1.11 సెంట్లే. చేజ్‌లో క్యాష్‌గా తీసుకున్నా పాయింట్‌కి 1 సెంటు వస్తుంది, అలాంటప్పుడు అంత తతంగం ఎందుకు? బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎమిరేట్స్‌లో ఈ సర్‌చార్జి గట్టిగానే ఉంటుంది. యునైటెడ్ మైల్స్‌తో గానీ ఏరోప్లాన్‌తో గానీ వాళ్ల పార్ట్‌నర్లయిన లుఫ్తాన్సా లాంటి వేరే ఎయిర్‌లైన్ల విమానాలు బుక్ చేస్తే ఈ బాదుడు ఉండదు.

అయితే సెంట్ల లెక్క ఒక్కటే చూసుకుని అమ్మానాన్నల్ని మూడు విమానాలు ఎక్కించి దింపొద్దు. నువ్వుండేది డాలస్‌లో, అది పెద్ద సౌకర్యం. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్, దోహా, దుబాయ్, వీటిలో ఎక్కడ మారినా హైదరాబాద్‌కి ఒక్క స్టాపే. నేనైతే మొదట లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్ రూట్‌ని యునైటెడ్ సైట్‌లోనూ, ఏరోప్లాన్‌లోనూ వెతుకుతాను. మీ వాళ్ల అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే అక్కడ విమానం మారడానికి ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు.

ఢిల్లీ మీదుగా గన్నవరం దాకా ఒకే టికెట్ కనిపిస్తే ఆశగా ఉంటుంది, నిజమే. కానీ తిరిగి వెళ్లేటప్పుడు ఢిల్లీలో వాళ్లు పెట్టెలు బెల్టు మీద నుంచి దించుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, ఇంకో సెక్యూరిటీ లైన్‌లో నిలబడాలి. రాత్రంతా ప్రయాణం చేసిన మనిషికి అది నరకం. శంషాబాద్‌లో దిగితే మీ బాబాయో మావయ్యో కారు తెచ్చుకుని బయట నిలబడి ఉంటారు. ఐదారు గంటల రోడ్డే అయినా వెనక సీట్లో పడుకుని వెళతారు. నా ఓటు శంషాబాద్‌కే.

పై లెక్కన 90 వేలు ఇద్దరికీ ఒక వైపుకే సరిపోతాయి. ఇక ఏ వైపుకి వాడాలి అంటావా, తిరుగు ప్రయాణానికి వాడు. వచ్చే తేదీ ఖాయం, మారేది వెళ్లే తేదీయే. ఊళ్లో పెళ్లి కుదిరిందనో, ఇక్కడ ఒంట్లో బాగాలేదనో అటూ ఇటూ అవుతుంది. యునైటెడ్ మైల్స్ టికెట్‌ని విమానం బయలుదేరేలోపు రద్దు చేస్తే మైల్స్ ఫీజు లేకుండా యునైటెడ్ అకౌంట్‌లో పడతాయి. ఏరోప్లాన్ అలా కాదు, రద్దుకి ఫీజు ఉంటుంది. ఒక్కటి మాత్రం చూసుకో: క్యాష్‌తో కొనే వన్‌వే ధర చాలాసార్లు రౌండ్ ట్రిప్‌లో సగం కన్నా బాగా ఎక్కువ ఉంటుంది. ఇద్దరికీ రౌండ్ ట్రిప్ క్యాష్‌తో ఎంత, రావడం క్యాష్‌తో వెళ్లడం మైల్స్‌తో అయితే ఎంత, రెండూ పక్కపక్కన రాసుకో. రౌండ్ ట్రిప్ చవగ్గా దొరికితే క్యాషే కట్టెయ్, పాయింట్లు వచ్చే ఏడాదికి దాచుకో. యునైటెడ్ మైల్స్‌కి గడువు లేదు గానీ, వాటి రేటు ఎప్పుడైనా పెరగొచ్చు.

మరో జవాబు (ఫ్రిస్కో నుంచి):
పై అన్నయ్య చెప్పిందానికి రెండు మాటలు కలుపుతాను.

ఏరోప్లాన్‌లో వెతికితే ముందు టొరంటో, మాంట్రియల్ విమానాలే కనిపిస్తాయి. అమెరికా వీసా ఉన్నా సరే, ఇండియన్ పాస్‌పోర్ట్‌తో కెనడాలో విమానం మారాలంటే వాళ్ల ట్రాన్సిట్ వీసా ఉండాలి. చెకిన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. ఆ విమానాలని లెక్కలోకి తీసుకోకండి.

రెండోది పేరు. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండటం మామూలే. అలాంటప్పుడు అమెరికా వీసా మీద మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని ఉంటుంది. టికెట్ మీద ఎలా రాయాలో ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి. పార్ట్‌నర్ మైల్స్ టికెట్‌లో పేరు దిద్దాలంటే మైల్స్ తీసుకున్నవాళ్లు, విమానం నడిపేవాళ్లు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు, మా నాన్నగారి టికెట్‌కి నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పాస్‌పోర్ట్, వీసా రెండూ ఎదురుగా పెట్టుకుని, ముందే ఫోన్ చేసి అడిగి బుక్ చేయండి. వీల్‌చెయిర్ కూడా ఆ కాల్‌లోనే పెట్టించండి. నడవగలిగినవాళ్లే అయినా, తోడుగా ఒక మనిషి ఉంటే ఇమిగ్రేషన్ దగ్గర వాళ్లకి టెన్షన్ ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
అన్నయ్యా, అక్కా, చాలా థాంక్స్. నాన్న పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ నిజంగానే ఖాళీ. మైల్స్ వాళ్ల పేరు మీద ఉండాలా, నా అకౌంట్ నుంచి బుక్ చేయొచ్చా?

జవాబు:
నీ అకౌంట్ నుంచే చేయొచ్చు, ప్రయాణికులుగా వాళ్ల పేర్లు ఇస్తే సరిపోతుంది. మైల్స్‌ని వాళ్ల అకౌంట్‌కి మార్చే పని పెట్టుకోకు, దానికి ఎయిర్‌లైన్ డబ్బు అడుగుతుంది. ఇంకోటి, ఆ కార్డు బిల్లు నెలనెలా పూర్తిగా కట్టెయ్. బాకీ మిగిలితే గట్టిగా వడ్డీ పడుతుంది, పాయింట్లలో మిగిలిందంతా అందులోకే పోతుంది. సెప్టెంబర్ సీట్లు ఇప్పటికే తెరిచి ఉంటాయి, ఈ వారాంతం కూర్చుని చూడు. మంగళ, బుధవారాలు కూడా వెతుకు. ఇద్దరికీ కలిపి ఒకే బుకింగ్‌లో సీట్లు చూడు, విడివిడిగా వద్దు.