వరెనిక్లిన్‌తో పాటు పాంటప్రజోల్ వాడినవారికి ఒక ప్రశ్న

సిగరెట్ మానడానికి మా నాన్నగారు డాక్టరు సలహాపై వరెనిక్లిన్ వాడుతున్నారు. ఎసిడిటీకి చాలాకాలంగా ఉదయం 7 గంటలకు, పరగడుపున పాంటప్రజోల్ 40 మి.గ్రా. వేసుకుంటారు. వరెనిక్లిన్ 0.5 మి.గ్రా. ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు. మోతాదు 1 మి.గ్రా.కు, రోజుకు రెండుసార్లకు పెరిగినప్పటి నుంచి మాత్ర వేసుకున్న అరగంటకు వికారం మొదలై, సుమారు గంటసేపు ఉంటోంది. ఉదయం టిఫిన్ తరువాత కొద్దిగానే ఉంటుంది గాని, రాత్రి 8 గంటల మాత్రతో గుండెల్లో మంట కూడా తోడవుతోంది. వాంతులు లేవు.

మాత్రను భోజనం అయిన వెంటనే నిండు గ్లాసు నీళ్లతో ఇస్తున్నాము, రాత్రిపూట పచ్చడి, కారం మానిపించాము, తిన్నాక రెండు గంటలు పడుకోనివ్వడం లేదు. యాంటాసిడ్ సిరప్‌తో మంట తగ్గింది, వికారం తగ్గలేదు. వరెనిక్లిన్ చాలావరకు మార్పు చెందకుండా మూత్రంలోనే బయటికి పోతుందనీ, సిమెటిడిన్ అనే మరో ఎసిడిటీ మందు ఆ విసర్జనను తగ్గించి రక్తంలో దాని స్థాయిని పెంచుతుందనీ చదివాను. పాంటప్రజోల్ వేరే తరగతి మందు, పైగా నాన్నగారి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్తపరీక్ష) మామూలుగానే ఉంది. కాఫీ తాగాక కూడా ఆయన సిగరెట్ అడగడం లేదు కాబట్టి, ఈ మందు మధ్యలో ఆగిపోకూడదని నా గట్టి కోరిక.

వచ్చే వారం డాక్టరును కలుస్తున్నాము. ఈ రెండు మందులూ కలిపి వాడినవారిలో ఎవరికైనా, డాక్టరు సలహాపై రాత్రి మోతాదును 0.5 మి.గ్రా.కు తగ్గించినప్పుడు, సిగరెట్ కోరిక తిరిగి రాకుండానే వికారం తగ్గిందా?