గంటకు 25 కి.మీ. లోపు వేగంతో నడిచే ఎలక్ట్రిక్ స్కూటర్‌కు నంబర్ ప్లేట్ ఉండాలా, వద్దా?

బ్యాటరీబండి: సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లోని రూల్ 2(యు) సంగతి ఇది. మోటారు 30 నిమిషాల పవర్ (అరగంట పాటు నిలకడగా ఇవ్వగల శక్తి) 250 వాట్లలోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉండటం వంటి షరతులు నెరవేరాయని టెస్టింగ్ ఏజెన్సీ ధ్రువీకరిస్తే ఆ బ్యాటరీ బండి మోటారు వాహనం కిందకి రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదు. ఈ మినహాయింపు ఎత్తేయాలనే వాదన వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. సైకిల్ తొక్కలేని పెద్దవాళ్లకు ఇదే ఆధారం.

వైరింగ్‌షాపు: రూల్ బాగానే ఉందండీ, గొడవంతా మోటారుకు కరెంటును అదుపు చేసే కంట్రోలర్ దగ్గర. చాలావాటిలో స్పీడ్ లిమిట్‌కు ఒక లూప్ వైరు ఉంటుంది. దాని కనెక్టర్ ఊడదీస్తే చాలు, కొన్ని బండ్లు 40 దాటేస్తాయి. 48 వోల్టుల బ్యాటరీ తీసి 60 వోల్టులది పెట్టడం ఇంకా ప్రమాదం. 48 వోల్టుల కంట్రోలర్లలో తరచూ 63 వోల్టుల వరకే తట్టుకునే కెపాసిటర్లు ఉంటాయి. 60 వోల్టుల లిథియం ప్యాక్ ఫుల్ చార్జ్‌లో 67 దాటుతుంది. కెపాసిటర్ ఉబ్బొచ్చు, మాస్‌ఫెట్ (మోటారుకు కరెంటును ఆన్-ఆఫ్ చేసే స్విచ్ భాగం) షార్టవ్వొచ్చు, అప్పుడు హబ్ మోటారు (చక్రంలోనే ఉండే మోటారు) ఉన్న చక్రం నడుస్తుండగానే బిగుసుకుపోవచ్చు. బ్రేకులు మాత్రం పాత డ్రమ్ములే. 25 కి.మీ. వేగంలో బ్రేకింగ్ దూరంతో పోలిస్తే 45లో అది మూడింతల పైనే.

బ్యాటరీబండి: అలా మార్చిన బండికి మినహాయింపు ఎలాగూ పోతుంది కదా. లైసెన్స్ లేనందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 181 కింద రూ.5,000, ఇన్సూరెన్స్ లేనందుకు 196 కింద తొలిసారి రూ.2,000. నడిపింది మైనరైతే 199ఎ కింద తల్లిదండ్రులకో, ఓనరుకో మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా. చట్టం చాలదని కాదు, తనిఖీ లేదు.

జీబ్రాక్రాసింగ్: తనిఖీలో పట్టుబడని బండి ఎవరినైనా గుద్ది వెళ్లిపోతే? నంబర్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. దెబ్బ తిన్నవాడు ఎవరి మీద కేసు పెట్టాలి? లైసెన్స్ వద్దనండి, సరే. ప్లేటు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రం తప్పనిసరి చేయాలి.

వైరింగ్‌షాపు: ప్లేటు చూస్తే వేగం తెలియదు కదండీ. తనిఖీ చేసేవాళ్లు సెంటర్ స్టాండ్ మీద చక్రం తిప్పి మీటరు చూసినా లాభం లేదు. లోడు లేకపోతే అంకె ఎక్కువే చూపిస్తుంది. చదునైన రోడ్డు మీద, ఫుల్ చార్జ్‌తో, జీపీఎస్ పెట్టి నడిపి చూడాలి. అసలు ఫ్యాక్టరీలోనే లూప్ వైరు తీసేసి, వేగ పరిమితిని సాఫ్ట్‌వేర్‌లో లాక్ చేసి, కంట్రోలర్ బోర్డు మీద ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పోయించాలి.

జీబ్రాక్రాసింగ్: కంట్రోలర్ మొత్తాన్నే మార్చేస్తే ఆ లాక్ ఏం చేస్తుంది? చాసిస్ నంబరుతోపాటు కంట్రోలర్ సీరియల్ కూడా రికార్డులో ఉంటేనే మార్పు బయటపడుతుంది. ఆ రికార్డు కోసమే రిజిస్ట్రేషన్ అడుగుతున్నాను.