గట్టు తగాదా ఉన్న ఇంటికి ప్రభు బల్ల ఆపడం సరైనదేనా?

చీపురుపల్లి డీకన్

అందరికీ వందనాలు. మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె సంఘం, బాప్తిస్టులం. రెండు నెలలుగా ఒక విషయం మనసులో తొలిచేస్తోంది, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి పంచి ఇచ్చిన మొక్కజొన్న పొలం మధ్య గట్టు దగ్గర తేడా వచ్చింది. మూడు నాలుగు సెంట్ల మాట. ఒక పొద్దున తమ్ముడు గట్టు మీద రాయి పీకేశాడు, అన్న చెయ్యి చేసుకున్నాడు. అప్పటి నుంచి ఇద్దరూ మందిరానికి వస్తున్నారు గానీ ఒకరు ఈ గోడకి, ఒకరు ఆ గోడకి. పాస్టర్ గారు డీకన్లను, అంటే సంఘ పరిచారకులను పిలిచి, సమాధానపడే వరకు రెండు కుటుంబాలకీ బల్ల, అంటే ప్రభువు జ్ఞాపకంగా తీసుకునే రొట్టె, ద్రాక్షరసం ఆపుదామన్నారు. అయిదుగురం చెయ్యెత్తాం. నేనూ ఎత్తాను.

మొదటి ఆదివారం ద్రాక్షరసం గిన్నెల పళ్లెం నా చేతిలోనే ఉంది. ఆడవాళ్ళ చాపల మీద తమ్ముడి భార్య వరసలో మూడో మనిషి. రెండో ఆమె తీసుకున్నాక పళ్లెం ఈమె తల మీదుగా దాటించి నాలుగో ఆమెకి అందించాను. ఈమె ముసుగు ముందుకి లాక్కుంది. పక్కనున్న కూతురు, రెండో తరగతి పిల్ల, "అమ్మా, నీకియ్యలేదేటి?" అని అడిగింది. మందిరం అంతటికీ వినపడింది.

సంఘం బాగుండాలనే చేశాం. ఇది వాక్యానుసారమేనా? పెద్దలు చెప్పండి.

బొబ్బిలి బాబాయ్

బ్రదర్, మీరు చేసింది తప్పు కాదు. మీ మనసు మెత్తబడిందని తీర్మానం తప్పయిపోదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పౌలు, సహోదరుడని పేరు పెట్టుకుని పాపంలో నడిచేవాడితో కూర్చుని భోజనం కూడా చేయొద్దన్నాడు. అపొస్తలుల కాలానికి దగ్గర్లో రాసిన దిదాకే అనే సంఘ బోధల పుస్తకంలో కూడా, తోటివాడితో పోట్లాట ఉన్నవాడు సమాధానపడే వరకు మీ కూడికలో చేరకూడదని ఉంది. మీ పాస్టర్ గారు సొంతంగా కనిపెట్టిన పద్ధతి కాదిది.

ఆపకపోతే ఏమవుతుందో కళ్ళారా చూశాను. మా పక్క ఊళ్ళో ఇలాంటి తగాదాయే పెళ్ళి పెట్టుపోతల దగ్గర మొదలైంది. ఎవరినీ నొప్పించకూడదని కాపరి ఊరుకున్నారు. మూడేళ్ళలో సంఘం రెండయింది. ఇప్పుడు రోడ్డుకి ఇటో షెడ్డు, అటో షెడ్డు. ఆదివారం రెండు మైకులూ ఒకేసారి మోగుతాయి, అటు పాట ఇటు వినపడకూడదని సౌండు పెంచుతారు. ఇక ఊళ్ళో ఎవరికి సువార్త చెప్పగలరు?

రాజాం టీచరమ్మ

ముప్ఫై ఏళ్ళు సండే స్కూల్ చెప్పాను. డీకన్ గారిని ఒకటే అడుగుతాను. బల్ల ఆపిన ఆ ఆదివారం కానుకల సంచి ఆ రెండు కుటుంబాల ముందుకి వెళ్ళిందా?

చీపురుపల్లి డీకన్

వెళ్ళిందండి. అన్నగారు ఎప్పటిలాగే దశమభాగం కవరు వేశారు. మా సంఘంలో ఎక్కువ ఇచ్చే ఇళ్ళలో వాళ్ళది ఒకటి.

రాజాం టీచరమ్మ

అయితే మత్తయి 5:23, 24 తీయండి. నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక బలిపీఠం దగ్గర వదిలిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడమన్నారు ప్రభువు. ఆయన ఆగమన్నది కానుక. మనమేమో కానుక తీసుకుని బల్ల ఆపాం. వాళ్ళ దగ్గర నుంచి మనకొచ్చేది ఆపలేదు, ప్రభువు దగ్గర నుంచి వాళ్ళకొచ్చేది ఆపాం. ఆ కవరు ఆ రోజే ఆగి ఉంటే, అన్నగారికి విషయం ఎంత బరువైనదో ఇంటికెళ్ళే లోపే అర్థమయ్యేది.

ఇంకో మాట. కొరింథీలో బల్ల దగ్గర జరిగిన గొడవ ఏమిటి? ముందొచ్చినవాళ్ళు కడుపునిండా తిన్నారు, లేనివాళ్ళు ఆకలితో సిగ్గుపడి కూర్చున్నారు. పౌలు కోపం దాని మీద. మీ మందిరంలో సిగ్గుపడిందెవరు? ముసుగు లాక్కున్న ఆ అమ్మాయి. ఆమె రాయి పీకలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మొగుడు చేసినదానికి ఆమెను దాటించి పళ్లెం తీసుకెళ్ళమని ఏ వాక్యం చెప్పింది?

మత్తయి 18లో ముందు ఒక్కడివే వెళ్ళు, తరవాత ఒకరిద్దరిని వెంట తీసుకెళ్ళు, ఆ తరవాతే సంఘానికి చెప్పు అని ఉంది. మన ప్రాంతానికి కెనడా మిషనరీలు తెచ్చిన బాప్తిస్టు పద్ధతిలో సంఘమంటే సభ్యులందరూ. అయిదుగురు డీకన్లు ఒక గదిలో చెయ్యెత్తితే సంఘానికి చెప్పినట్టు కాదు. అసలు చెయ్యెత్తక ముందు మీలో ఎవరైనా ఆ ఇళ్ళకి వెళ్ళారా?

చీపురుపల్లి డీకన్

వెళ్ళలేదమ్మా. ఫోన్ చేశాం.

టెక్కలి పాస్టరమ్మ

వెళ్ళలేదని వాళ్ళను తప్పుపట్టే ముందు మా వైపు కూడా వినండి. కాపరి ఒక గడప తొక్కితే రెండో గడపవాళ్ళు లెక్కపెడతారు. "వాళ్ళింట్లో టీ తాగారట" అని సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటారు. మా ఇంటి బియ్యం ఆ రెండిళ్ళ నుంచీ వస్తుంది. ఈ భయం పైకి చెప్పుకోలేం, కానీ ఉంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయిన రోజులవి. మందిరంలో టార్పాలిన్లు పంచినప్పుడు ఎవరికి ముందు ఇచ్చారన్న దగ్గర రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. మా ఆయన ఆ ఇద్దరికే బల్ల ఆపలేదు. ఆ నెల సంఘం మొత్తానికి పెట్టలేదు. శరీరం ఒకటే అయినప్పుడు చేతికి దెబ్బ తగిలితే మిగతా శరీరం విందుకి ఎలా కూర్చుంటుందని అడిగారు. చాలామందికి కోపమొచ్చింది, మేమేం చేశామన్నారు. కానీ అప్పటిదాకా అది పాస్టర్ గారి తలనొప్పి, ఆ రోజు నుంచి అందరిదీ అయింది. పెద్దలు వంతులు వేసుకుని వెళ్ళారు. మా ఆయన ప్రతి మంగళవారం వెళ్ళి అరుగు మీద కూర్చునేవారు. తగాదా ఊసెత్తేవారు కాదు. పడిన చెట్ల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడి, ప్రార్థన చేసి వచ్చేవారు. అయిదు నెలలు పట్టింది. ఒక కుటుంబం పూర్తిగా కలిసింది. రెండో ఇంటి పెద్దాయన ఇప్పటికీ క్రిస్మస్‌కే వస్తారు.

బొబ్బిలి బాబాయ్

కానుక సంగతి టీచరమ్మ గారు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. ఆడవాళ్ళ సంగతీ ఒప్పుకుంటాను. కానీ పాస్టరమ్మ గారూ, సంఘమంతటికీ ఆపితే నిర్దోషులకి కూడా శిక్షే కదా? అందులోనూ ఆ అమ్మాయి లాంటివాళ్ళు ఉంటారు. నా మటుకు నేను, తప్పు చేసినవాళ్ళకే ఆపాలి, మూడు మెట్లూ ఎక్కాకే ఆపాలి, కానీ ఆపాలి. ఆపడమే వద్దంటే బల్లకి విలువ ఉండదు.

పలాస అబ్బాయి, ఇప్పుడు హైదరాబాద్‌లో

ఈ రోజుల్లో ఆపితే పక్క సందులో ఇంకో సంఘానికి వెళ్ళిపోతారు, లేదా ఇంట్లో యూట్యూబ్ లైవ్ పెట్టుకుంటారు. అది అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది వేరే.

మా నాన్నకి బల్ల ఆపారు. తప్పు నాన్నదే, తాగి ఒకరిని అవమానించాడు. ఆర్నెల్లలో తాగుడు మానేశాడు, వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాడు. కానీ బల్ల తిరిగి ఇవ్వాలని ఎవరికీ గుర్తులేదు. కాపరి బదిలీ అయ్యారు, కొత్త కాపరికి ఎవరూ చెప్పలేదు. నాన్న తనంతట తాను అడిగే మనిషి కాదు. ఏడేళ్ళు చివరి చాప మీద కూర్చున్నాడు. పళ్లెం దగ్గరికి వస్తే తనే తల అడ్డంగా ఊపేవాడు. అలాగే పోయాడు. ఆపినవాళ్ళందరూ సమాధికి వచ్చారు, చాలా మంచివాడని సాక్ష్యం చెప్పారు.

బొబ్బిలి బాబాయ్

బాబూ, నీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా సంఘంలో పదేళ్ళ కింద ఒకాయనకి ఆపాం. ఆ తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది. తిరిగి చేర్చుకున్నామో లేదో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రావడం లేదు. 2 కొరింథీ 2వ అధ్యాయంలో పౌలే రాశాడు: అతనికి పడిన శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడని. నేను మొదటి పత్రిక 5వ అధ్యాయం ఎన్నోసార్లు బోధించాను. ఇది ఒక్కసారీ బోధించలేదు. రేపు ఆయన ఇంటికి వెళ్తాను.

చీపురుపల్లి డీకన్

వారం తరవాత రాస్తున్నాను. మీ మాటలన్నీ పాస్టర్ గారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, పద వెళ్దాం అన్నారు.

గురువారం సాయంత్రం ముందు అన్నగారింటికి వెళ్ళాం. కవరు తిరిగి ఆయన చేతిలో పెట్టాం. "నా డబ్బు చేదయిందా?" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. అరగంట కూర్చున్నాం, బయటికి రాలేదు. తమ్ముడింట్లో ఆ అమ్మాయి మంచినీళ్ళు ఇచ్చింది. ఆమెకి నేను క్షమాపణ చెప్పాను. ఏమీ అనలేదు, గ్లాసు తీసుకుని వెళ్ళింది. తమ్ముడు మాత్రం, పంట కోశాక టేపు పట్టుకుని ఇద్దరం కలిసి కొలుస్తామంటే వస్తానన్నాడు, ముందు అన్నయ్య పిలవాలన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక సభ్యులందరినీ కూర్చోబెట్టి మాట్లాడాం. భార్యలిద్దరికీ బల్ల ఇవ్వాలని, అన్నదమ్ములకి ఆపడం కొనసాగించాలని, వాళ్ళ కానుక కూడా అంతవరకు తీసుకోకూడదని తీర్మానమైంది. కానుక దగ్గర కొందరు గట్టిగా అడ్డం చెప్పారు, మందిరం రేకులు వేయాల్సి ఉంది మరి. మినిట్స్ పుస్తకంలో ఆపిన తేదీ పక్కనే, ప్రతి నెలా ఎవరు ఆ ఇళ్ళకి వెళ్ళాలో పేర్లు కూడా రాశాం. ఈ నెల పేరు నాది. రేపు సాయంత్రం మళ్ళీ అన్నగారింటికి వెళ్తున్నాను. ప్రార్థన చేయండి.